పుల్లీ మీది గీత వేరు, బెల్ట్ గుర్తు వేరు

గుంటూరు నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, నాది పాత మారుతి ఎస్టీమ్, కార్బరేటర్ మోడల్. టైమింగ్ బెల్ట్ మా ఇంటి దగ్గర గ్యారేజీలో మార్పించాను. అప్పటి నుంచి ఐడ్లింగ్‌లో బండి వణుకుతోంది, పుల్లింగ్ లేదు, పెట్రోల్ ఎక్కువ తాగుతోంది. అడిగితే 'గీతలు కలిపే వేశాం, కార్బరేటర్ చూపించుకోండి' అంటున్నారు. బెల్ట్ వేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. కింద పుల్లీ మీది గీతను కవర్ మీది 10 దగ్గర పెట్టారు, పైన క్యామ్ గుర్తు కలిపారు. డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే రోటర్ 4వ సిలిండర్ వైపు చూస్తోంది. టైమింగ్ 180 డిగ్రీలు తప్పినట్టా? నేనే సరిచేసుకోవచ్చా?"

రోటర్, అంటే డిస్ట్రిబ్యూటర్ లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్గుకు వంతులవారీగా కరెంటు పంచే ముక్క, దాని సంగతి పక్కన పెట్టండి బ్రదర్, అది తప్పు కాదు. ఎందుకో కింద చెబుతాను. పుల్లీ గీతను 10 దగ్గర పెట్టారన్నారు చూశారా, అసలు గొడవ అక్కడుంది. కార్బరేటర్‌ను ఇప్పుడే విప్పించకండి. బాగున్నదాన్ని కదిపితే రెండు రోగాలు కలిసిపోయి ఏది ఎక్కడిదో అంతుపట్టదు.

ముందు పేర్లు చెబుతాను. పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్, గాలి-పెట్రోల్‌ను లోపలికి, పొగను బయటికి వదిలే వాల్వులను తెరిచే ఇరుసు క్యామ్, ఆ రెంటినీ కలిపి తిప్పేది టైమింగ్ బెల్ట్. ఇంజన్ మీద "టైమింగ్ మార్కు" అనే ఒకే పేరుతో రెండు రకాల గుర్తులుంటాయి. ఇక్కడ విజయవాడ ఆటోనగర్‌లో పని నేర్చుకోడానికి వచ్చే కుర్రాళ్లు మొదట తికమకపడేది ఇక్కడే. క్రాంక్ కొసన ఉండే బయటి పుల్లీ అంచు మీది సన్న గాడి, దాని ఎదురుగా ప్లాస్టిక్ కవర్ మీద 0, 5, 10 అని ఉండే స్కేలు, ఇవి ఇగ్నిషన్ గుర్తులు. ప్లగ్గులో నిప్పు ఎప్పుడు పడాలో చెబుతాయి. పిస్టన్ పైకి చేరడానికి కాస్త ముందే నిప్పు పడాలి కాబట్టి ఆ స్కేలు అవసరమైంది. ఇంజన్ నడుస్తుండగా టైమింగ్ లైట్ (ప్లగ్గులో నిప్పు పడ్డప్పుడల్లా మెరిసే లైట్) కొట్టి చూసేవి ఇవి.

బెల్ట్ గుర్తులు వేరు. అవి కవర్ లోపల ఉంటాయి. బయటి పుల్లీ తీస్తే దాని వెనక క్రాంక్ మీద చిన్న పళ్ల పుల్లీ కనిపిస్తుంది. దాని మీద ఒక పోటు చుక్క, ఎదురుగా ఆయిల్ పంప్ బాడీ మీద బాణం. పైన క్యామ్ పుల్లీ మీద ఒక గుర్తు, దాని ఎదురుగా వి ఆకారంలో గంటు. ఎస్టీమ్ క్యామ్ పుల్లీ మీద ఇంగ్లిష్ 'ఇ' అక్షరం ఉంటుంది, వి గంటుకు ఎదురు రావాల్సింది అదే. ఈ గుర్తులకూ డిగ్రీల స్కేలుకూ సంబంధం లేదు. ఇవి వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో చెప్పేవి. ఇవి కలిసినప్పుడు బయటి స్కేలు మీద గీత 0 దగ్గర ఉండాలి, 10 దగ్గర కాదు.

మరి మీ గ్యారేజీలో ఎందుకలా చేశారంటే, బయటి గీత సులువుగా కనిపిస్తుంది. లోపలి చుక్క చూడాలంటే ముందు కుడి చక్రం విప్పాలి, పుల్లీ తీయాలి, కింది కవర్ తీయాలి. "ఈ బండికి టైమింగ్ 10" అని ఎప్పుడో విని ఉంటారు, అక్కడ పెట్టేశారు.

దాని ఫలితం ఏమిటో లెక్క వేద్దాం. క్రాంక్ చిన్న పుల్లీకి 20 పళ్లు ఉన్నాయనుకోండి. క్యామ్ పుల్లీకి దానికి రెట్టింపు, 40 ఉంటాయి. ఎందుకంటే క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. 360ని 20తో భాగిస్తే ఒక్క పన్నుకు క్రాంక్ మీద 18 డిగ్రీలు. క్రాంక్ 10 డిగ్రీలు వెనక ఉంది, క్యామ్ మాత్రం గుర్తు మీదే ఉంది. ఇప్పుడు బెల్ట్ వేస్తే పళ్లు సరిగ్గా కూర్చోవు, క్యామ్‌ను అటో ఇటో కొంచెం జరపాలి. వెనక్కి జరిపితే క్రాంక్ లెక్కలో 10 డిగ్రీలు జరగాలి, అప్పుడు అంతా సరిపోయేది. ముందుకు జరిపితే 8 డిగ్రీలు చాలు. చెయ్యి సహజంగా దగ్గరున్న పన్ను వైపే పోతుంది, ఆ దగ్గరున్నది తప్పు పన్ను. అలా మీ క్యామ్ ఒక పన్ను ముందుకు వెళ్లి ఉంటుంది. మీరు చెప్పిన లక్షణాలన్నీ, వణుకు, పుల్లింగ్ పోవడం, పెట్రోల్ ఖర్చు, ఒక పన్ను తేడాకు సరిపోతాయి. రెండు మూడు పళ్లు తప్పితే బండి స్టార్టే సరిగ్గా కాదు.

ఇంకో మెలిక ఉంది. ఈ బండిలో డిస్ట్రిబ్యూటర్ క్యామ్ కొసకే ఉంటుంది. క్యామ్ ముందుకు పోతే నిప్పు కూడా దాంతోపాటు ముందుకు పోతుంది. కాజ టోల్‌గేట్ దాటాక నాలుగో గేరులో కాలు నొక్కితే టకటకమని నాకింగ్ శబ్దం వచ్చి ఉంటుంది. ఎవరో ఒకరు టైమింగ్ లైట్ పెట్టి డిస్ట్రిబ్యూటర్ తిప్పి ఆ శబ్దం పోగొడతారు. నిప్పు సరిగ్గా పడుతుంది, వాల్వులు మాత్రం తప్పుగానే తెరుచుకుంటుంటాయి. లైట్ కింద గీత చక్కగా 10 దగ్గర నిలబడి కనిపిస్తుంది, "టైమింగ్ పర్ఫెక్ట్" అంటారు. బండి మాత్రం లాగదు. ఇలాంటి బళ్లు కార్బరేటర్ మార్పించుకుని, ప్లగ్ వైర్లు మార్పించుకుని చివరికి మా దగ్గరికి వస్తుంటాయి.

ఇక రోటర్ విషయం. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 1, 4 పిస్టన్లు ఎప్పుడూ జంటగా పైకి వస్తాయి. ఒకటి కంప్రెషన్ (లోపలి గాలి-పెట్రోల్‌ను నొక్కడం) ముగించి వస్తే రెండోది పొగ బయటికి తోసి వస్తుంది. క్రాంక్ చుక్క బాణం దగ్గరికి చుట్టుకోసారి వస్తుంది, క్యామ్ గుర్తు మాత్రం రెండు చుట్లకోసారే వస్తుంది. ఆ గుర్తును 1వ సిలిండర్ కంప్రెషన్ దగ్గర కొట్టాలా, 4వది దగ్గర కొట్టాలా అన్నది ఇంజన్ తయారుచేసినవాళ్ల ఇష్టం. క్రాంక్ చుక్క, క్యామ్ గుర్తు రెండూ ఒకేసారి కలిశాయంటే వాల్వ్ టైమింగ్ సరిగ్గా ఉన్నట్టే, రోటర్ ఎటు చూసినా సరే. క్రాంక్‌ను ఇంకో చుట్టు తిప్పండి, రోటర్ 1 వైపు వస్తుంది, క్యామ్ గుర్తు గంటుకు సరిగ్గా అవతలి వైపు ఉంటుంది. నిజంగా 180 తప్పాలంటే డిస్ట్రిబ్యూటర్ ఊడదీసి తిప్పి పెట్టాలి, లేదా ప్లగ్ వైర్లు మార్చి పెట్టాలి. అలా చేస్తే స్టార్ట్ కాకపోగా కార్బరేటర్ లోంచి, సైలెన్సర్ లోంచి పేలుతుంది. వైర్ల వరస 1-3-4-2, ఒకసారి చూసుకోండి.

ఇప్పుడు గుర్తులు వెతకడం. పాత బండి కొనుక్కున్నవాళ్లకు నేను మొదట చెప్పేది, కనిపించిన ప్రతి గుర్తునూ నమ్మొద్దని. ఆ పుల్లీల మీద అంతకుముందు పనిచేసిన ప్రతివాడూ వైట్‌నర్ చుక్క, నెయిల్ పాలిష్ గీత, ఉలి గంటు ఏదో ఒకటి పెట్టి ఉంటాడు. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో అంతా శుభ్రంగా తుడవండి. బెల్ట్ మార్చేసేటట్టయితేనే కిరోసిన్, పాత బెల్టే ఉంచాలనుకుంటే పొడి గుడ్డ చాలు, నూనె సరుకు తగిలితే రబ్బర్ పాడవుతుంది. రంగు పోయాక మిగిలే పోటు చుక్క, పోతలో వచ్చిన గంటు, అక్షరం, ఇవే కంపెనీ గుర్తులు. ఫోన్ లైట్‌ను ఎదురుగా కాకుండా పక్కనుంచి వాలుగా వేస్తే తుప్పు పట్టిన చుక్క కూడా నీడతో తేలుతుంది.

బయటి పుల్లీని అసలు నమ్మొద్దు. చాలా బళ్లలో దాని మధ్య బొడ్డుకూ బయటి రింగుకూ నడుమ రబ్బర్ పొర ఉంటుంది. మన ఎండలకు, ఇంజన్ వేడికి ఆ రబ్బర్ పట్టు వదిలి బయటి రింగ్ జారుతుంది. గీత ఉండేది ఆ రింగ్ మీదే. పుల్లీని పట్టి ఉంచే కీ అరిగినా అంతే. అందుకే 1వ పిస్టన్ నిజంగా పైకి వచ్చిందో లేదో పిస్టన్‌నే చూసి తేల్చుకోవాలి.

బ్యాటరీ నెగటివ్ తీయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి, ముందువైపు బండిని జాకీ ఒక్కదాని మీదే వదలకుండా స్టాండ్ పెట్టండి. నాలుగు ప్లగ్గులూ తీసేయండి, ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. 1వ ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు అదిమి, క్రాంక్ బోల్టుకు సాకెట్ పెట్టి నెమ్మదిగా తిప్పండి. వేలిని గాలి తోసేస్తే 1 కంప్రెషన్‌లో పైకి వస్తున్నట్టు. తోయకుండా ఊరికే వెళ్తుంటే అది పొగ తోసే చుట్టు, ఇంకో చుట్టు తిప్పాలి. క్యామ్ బోల్టు పట్టుకుని ఇంజన్ తిప్పొద్దు, సెల్ఫ్ కొట్టి తిప్పొద్దు.

రంధ్రంలో ఒక ప్లాస్టిక్ స్ట్రా పెట్టి అది ఎంతవరకు పైకి లేస్తుందో చూడొచ్చు. స్క్రూడ్రైవర్ పెట్టకండి, ప్లగ్ రంధ్రం వాలుగా ఉన్న ఇంజన్లలో అది ఇరుక్కుని పిస్టన్ మీద గీత పడుతుంది. స్ట్రాతో ఉజ్జాయింపుగానే తెలుస్తుంది. పిస్టన్ పై కొస దగ్గర దాదాపు ఆగిపోతుంది. ఎస్టీమ్ స్ట్రోక్ 75.5 మిల్లీమీటర్లు. కొస దగ్గర క్రాంక్ 5 డిగ్రీలు తిరిగినా పిస్టన్ పావు మిల్లీమీటర్ కూడా కదలదు. కంటితో ఆ తేడా పట్టుకోలేం.

కచ్చితంగా తెలియాలంటే పిస్టన్‌కు అడ్డు పెట్టే పద్ధతి ఉంది. పాత ప్లగ్ లోపలి పింగాణీ తీసేసి అందులో ఒక మొండి బోల్టు బిగించమంటే ఏ లేత్ షాపులోనైనా చేసిస్తారు. కొస గుండ్రంగా ఉండాలి. పిస్టన్ కిందికి దిగాక దాన్ని రంధ్రంలో బిగించండి. క్రాంక్‌ను నెమ్మదిగా ఒకవైపు తిప్పండి, పిస్టన్ వచ్చి తగిలి ఆగుతుంది. అక్కడ స్కేలులో 0కి ఎదురుగా పుల్లీ మీద పెన్సిల్ గీత గీయండి. ఇప్పుడు రెండోవైపు తిప్పండి, మళ్లీ తగులుతుంది, మళ్లీ గీత గీయండి. రెండు గీతల మధ్య దగ్గరి దూరాన్ని టేపుతో కొలిచి సగం చేయండి. ఆ సగం దగ్గరే పిస్టన్ అసలు పై కొస. పుల్లీ గాడి ఆ సగం మీదే ఉంటే మీ పుల్లీ నిజం చెబుతోంది. పక్కకు ఉంటే రింగ్ జారింది, పుల్లీ మార్చాల్సిందే. ఇదంతా బెల్ట్ వేసి ఉండగానే, చేతి బలంతోనే, మెల్లగా చేయాలి. ఆఖర్న బోల్టు తీయడం మర్చిపోకండి.

ఏ దిక్కుకు తిప్పాలని అడుగుతారు. పుల్లీ వైపు నిలబడి చూస్తే గడియారం ముళ్లు తిరిగే దిక్కు. 1998లో మన దేశానికి వచ్చిన మొదటి హోండా సిటీ ఇంజన్లు మాత్రం ఎదురు దిక్కు తిరుగుతాయి, వాటి జోలికి వెళ్లినప్పుడు గుర్తుంచుకోండి. గుర్తు దాటిపోతే వెనక్కి తిప్పి కలపకండి, దాదాపు రెండు చుట్లు ముందుకే తిప్పి మళ్లీ రండి. వెనక్కి తిప్పితే బెల్ట్ వదులు టెన్షనర్ (బెల్ట్‌ను బిగుతుగా నొక్కి ఉంచే చక్రం) లేని వైపుకు చేరి గుర్తు తప్పుగా కనిపిస్తుంది.

చూసేటప్పుడు కళ్లు గుర్తుకు సూటిగా ఉండాలి. బానెట్ మీదుగా వంగి చూస్తే క్యామ్ గుర్తు అర పన్ను పక్కకు కనిపిస్తుంది. ఫోన్‌ను పుల్లీ ముందు సూటిగా పెట్టి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి.

బెల్ట్ తీశాక క్యామ్‌ను తిప్పాల్సి వస్తే ముందు క్రాంక్‌ను పావు చుట్టు వెనక్కి తిప్పి పెట్టండి. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో అప్పుడు అన్ని పిస్టన్లూ బోరు మధ్యలో ఉంటాయి, వాల్వులకు తగలవు. క్యామ్ గుర్తు కలిపాక క్రాంక్‌ను మళ్లీ పైకి తెండి. కొన్ని ఇంజన్లలో వాల్వులు, పిస్టన్లు ఎప్పటికీ తగలవు, కొన్నింట్లో తగిలి వాల్వులు వంగుతాయి. మీ బండి ఏ రకమో వెతుక్కునే బదులు తగులుతాయనే అనుకుని పనిచేయండి.

కొత్త బెల్ట్‌ను కింద క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు బిగుతుగా లాగి పట్టుకుని క్యామ్ మీదికి ఎక్కించండి. వదులు ఏమున్నా టెన్షనర్ వైపే ఉండాలి. సగం తప్పులు జరిగేది ఇక్కడే. గుర్తులు రెండూ కలిపి, బిగుతుగా ఉండాల్సిన వైపు బెల్ట్ వదులుగా వదిలేస్తారు. టెన్షనర్ స్ప్రింగ్ లాగగానే ఆ వదులు ఇటు వచ్చి క్యామ్ పక్కకు తిరిగిపోతుంది. టెన్షనర్ బోల్టు వదులుగానే ఉంచి, క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, గుర్తులు చూసి అప్పుడు బిగించండి. ఆ రెండు చుట్లలో ఎక్కడైనా గట్టిగా తగిలి ఆగితే బలం చూపించకండి, వెంటనే ఆపి మళ్లీ మొదటినుంచి చూడండి.

రెండు చుట్ల తర్వాత కలవాల్సింది పుల్లీల మీది గుర్తులు. కొన్ని బెల్టుల మీద తెల్ల గీతలు, కొన్ని ఇంజన్లలో బెల్ట్ బదులు ఉండే చైన్ల మీద రంగు లింకులు ఉంటాయి, అవి కలవవు. అవి బిగించేటప్పుడు ఒక్కసారికే. 101 పళ్ల బెల్ట్, 20 పళ్ల క్రాంక్ పుల్లీ అనుకుంటే ఆ గీతలు మళ్లీ మొదటి చోటికి రావాలంటే క్రాంక్ 202 చుట్లు తిరగాలి. రంగు లింకు కలవలేదని కంగారుపడి సరిగ్గా ఉన్న చైన్‌ను విప్పినవాళ్లను చూశాను.

బెల్ట్ సరైందని తేలాకే ఇగ్నిషన్. ఇంజన్ వేడెక్కాక లైట్ క్లిప్ 1వ ప్లగ్ వైరుకు తగిలించి, ఐడ్లింగ్‌లో చూసి, డిస్ట్రిబ్యూటర్‌ను కొంచెం కొంచెంగా తిప్పి, బానెట్ కింది స్టిక్కర్ మీదున్న అంకెకు తెచ్చి బిగించండి. అదీ 10 అనే అంకె పనికొచ్చే చోటు.

ఇది చదివే మిగతా బళ్లవాళ్లకు రెండు ముక్కలు. పాత అంబాసిడర్ 1489 సీసీ పెట్రోల్ ఇంజన్‌లో చైన్ ఉంటుంది, రెండు స్ప్రాకెట్ల మీది చుక్కలు ఒకదానికొకటి ఎదురుగా రావాలి, అంతకంటే తేలికైన పని లేదు. స్విఫ్ట్, ఇండికా విస్టాల్లో వచ్చిన 1.3 డీజిల్‌కు కంటితో గుర్తులు కలిపే పద్ధతి పనికిరాదు, క్రాంక్‌కూ క్యామ్‌కూ కదలకుండా పట్టి ఉంచే లాక్ పిన్నులు పెట్టే బిగించాలి. ఆ పిన్నులు లేనిచోట ఆ బండి ఇవ్వకండి. బెల్టుతో తిరిగే డీజిల్ పంపు ఉన్న పాత ఇంజన్లలో మూడో గుర్తు పంపు పుల్లీ మీద ఉంటుంది, అది తప్పితే పొగ, శబ్దం రెండూ వస్తాయి. కొత్త బళ్లలో చైన్ సాగినా, ఒక పన్ను తప్పినా స్కానర్‌లో పి0016 కోడ్ వస్తుంది. క్రాంక్ సెన్సర్, క్యామ్ సెన్సర్ చెప్పేవి ఒకదానితో ఒకటి కలవడం లేదని దాని అర్థం. ముందు సెన్సర్ మార్చేయమంటారు, గుర్తులు చూపించకుండా ఒప్పుకోకండి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లలో మునిగిన బళ్లకు కూడా ఇదే వరస. బెల్ట్ కవర్ లోపల బురద చేరి టెన్షనర్ బేరింగ్ పట్టేసి ఉండొచ్చు. అలాంటి బండి కొంటుంటే కవర్ తీయించి చూడకుండా సెల్ఫ్ కొట్టకండి.

మీరే చేసుకోవచ్చా అని అడిగారు కదా. చూసుకోవడం వరకు తప్పకుండా మీరే చేయండి, దానికి సాకెట్, స్ట్రా, ఫోన్ చాలు. విప్పి బిగించడం మాత్రం ఇంతకుముందు చేసిన మనిషి పక్కనుంటేనే. క్రాంక్ బోల్టు సరైన బిగువుకు బిగించాలంటే టార్క్ రెంచ్ కావాలి, అది ఇంట్లో ఉండదు. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి టెన్షనర్, వాటర్ పంపు, క్రాంక్, క్యామ్ ఆయిల్ సీళ్లు ఒకసారి చూడండి. చెమ్మ ఉంటే ఇప్పుడే మార్చేయండి, మళ్లీ ఇదే కూలీ ఇచ్చుకోనక్కర్లేదు. బెల్ట్ కొత్తదే కాబట్టి నూనె తగలకపోతే, మడత పడకపోతే అదే వేయొచ్చు.

ముందు పుల్లీ గీతను 0 దగ్గర పెట్టి, 1వ పిస్టన్ నిజంగా పైకి వచ్చిందని స్ట్రాతో చూసుకుని, పై కవర్ ఒక్కటే తీసి క్యామ్ గుర్తును సూటిగా ఫోటో తీయండి. గుర్తు కనిపించకపోతే ఇంకో చుట్టు తిప్పండి. 'ఇ' గుర్తు గంటుకు ఎదురుగా కాకుండా తిరిగే దిక్కులో ఒక పన్ను ముందుకు ఉంటే నేను చెప్పిందే. గంటుకు సరిగ్గా ఎదురుగా ఉంటే బెల్ట్ బాగున్నట్టు, అప్పుడు కంప్రెషన్, వాక్యూమ్ పైపులు చూద్దాం. ఆ ఫోటో ఇక్కడే పెట్టండి.